గిన్నె ఖాళీగా పంపలేక

ఆ మంగళవారం ఉదయం పదకొండు దాటి పది నిమిషాలయింది. మూడేళ్ళ మా చిన్నవాణ్ణి వంటగది గట్టు మీద కూర్చోబెట్టి పెరుగన్నం తినిపిస్తున్నాను. పక్కన పెట్టిన ఫోను వెలిగింది. నేను రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒక మార్పు చేశారు, ఇద్దరు దాన్ని చూసి సరేనన్నారు, అసలు కోడ్‌లో కలిపేశారు. అదీ కబురు. రెండు పేర్ల పక్కన రెండు పచ్చ టిక్కులున్నాయి. ఆ పేర్లలో నాది లేదు.

ఎనిమిదేళ్ళుగా ఆ కోడ్ తరఫున వచ్చే ప్రతి కబురూ నన్ను ఏదో ఒకటి అడిగేది. ఇది చూస్తారా, దీనికి సరేనా, ఇది ఇలా ఎందుకుంది అని. ఆ రోజు ఏమీ అడగలేదు. అయిపోయిందని మాత్రం చెప్పింది. నా వేళ్ళలో ముద్ద అలాగే ఆగిపోయింది. చిన్నవాడు నోరు తెరుచుకుని కాసేపు చూసి, ఇక లాభం లేదని నా చెయ్యి పట్టుకుని తనే నోట్లో పెట్టుకున్నాడు.

ప్రమాదం అనే మాట ఆ క్షణాన తోచలేదు. పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయానన్నట్టు అనిపించింది, అంతే. నిజంగానే వెళ్ళి చూశాను. పొయ్యి ఆరిపోయే ఉంది. గ్యాస్ కూడా కట్టేసే ఉంది. మళ్ళీ వచ్చి ఫోను చూశాను. రెండు పచ్చ టిక్కులూ అక్కడే ఉన్నాయి.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. నాకు నిజంగా ఏదైనా అన్యాయం జరిగిందా, లేక నేనే ఊరికే గాభరా పడ్డానా అన్నది రాస్తే తేలుతుందని ఒక ఆశ. ఇప్పటికైతే తేలలేదు.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏంటో చెప్పాలి. మా రాజమండ్రిలో డీటీపీ షాపులవాళ్ళు పెళ్ళి కార్డులు, వర్ధంతి కార్డులు, చర్చి పాటల పుస్తకాలు చాలాకాలం పాత ఫాంట్లలో కొట్టారు. ఒక్కో ఫాంటుది ఒక్కో దారి. ఆ ఫైలు ఇప్పటి ఫోనులో తెరిస్తే తెలుగు కనబడదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు కలగలిసి కనబడతాయి. దాన్ని మళ్ళీ తెలుగు చెయ్యాలంటే ఆ ఫాంటుకి ఒక పట్టిక ఉండాలి. ఈ గుర్తు వస్తే తలకట్టు, ఆ గుర్తు వస్తే యవత్తు అని వరసగా రాసుకున్న పట్టిక. నేను చేసింది ఆ పట్టికలూ, వాటిని చదివి తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రామూ.

మా అమ్మ వాళ్ళ లూథరన్ చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు పాడుకునే పాటలు ఉన్నాయి. పెద్దవాళ్ళెవరో రాసినవి, ఎక్కడా అచ్చు కానివి. ఒకప్పుడు డీటీపీ చేయించి జెరాక్సులు తీసుకున్నారు. జెరాక్సుకి జెరాక్సు తీసి తీసి, చివరికి వాటిలో మిగిలింది మసి. పెద్ద అక్షరాలతో మళ్ళీ వేయించుకోవాలని వాళ్ళ కోరిక. ఫైళ్ళు ఒక డీటీపీ ఆయన దగ్గర ఉన్నాయి. మెయిన్ రోడ్డు వెనక సందులో ఆయన షాపు. మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా, హైదరాబాదులో ఉద్యోగం మానేసి నేను వచ్చిన రోజులవి. ఆ షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆయన ఒక్కో మీట నొక్కి చూపిస్తుంటే, ఒక్కో గుర్తుకీ ఎదురుగా అక్షరం రాసుకున్నాను. ఆయన నా పొట్ట వైపు చూసి, "పుట్టేవాళ్ళకి వత్తులు పుట్టుకతోనే వచ్చేస్తాయండి" అనేవారు.

ఆ పట్టికని నెట్‌లో పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, నన్ను అడగక్కర్లేదు అని లైసెన్స్ రాసి పెట్టాను. ఓపెన్ సోర్స్ అంటే అదే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టి రాయించలేదు. ఈ సంగతి నాకు నేనే మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి వస్తోంది.

తరవాత భీమవరం నుంచి ఒకరు, అమలాపురం నుంచి ఒకరు తమ షాపుల్లో ఉన్న ఫాంట్ల గురించి రాశారు. కాకినాడలో రిటైరైన ఒక తెలుగు మాస్టారు ప్రతి వారమూ ఒక కాగితం మీద తప్పులు రాసి, ఫొటో తీసి పంపేవారు. ఒక వారం మూడు తప్పులు, ఒక వారం ఒకటే. "అమ్మాయీ, ఈసారి నీ ప్రోగ్రాము 'క్షమ'ని ముక్కలు చేసింది, అతికించు" అని కింద ఒక వాక్యం. నేను దిద్ది, "ధన్యవాదాలు మాస్టారూ" అని రాసేదాన్ని. అలా కొన్నేళ్ళు గడిచాయి.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. మేము గిన్నె ఖాళీగా తిరిగి పంపం. పక్కింటి పిన్నిగారు గారెలు పంపితే, ఆ గిన్నె కడిగి, తుడిచి, అందులో ఏదో ఒకటి వేసే ఇవ్వాలి. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వెయ్యాలి. మా అమ్మ ఒకసారి హడావిడిలో వెనక వీధి ఆవిడకి ఖాళీ గిన్నె ఇచ్చి పంపేసింది. గుర్తొచ్చేసరికి ఆవిడ సందు మలుపు తిరుగుతోంది. నన్ను పరుగెత్తించి రెండు నిమ్మకాయలు ఆ గిన్నెలో వేయించింది. ఆవిడ నవ్వి, "మీ అమ్మకి ఈ రాత్రి నిద్రపట్టేది కాదు, పోనీలే" అంది. నేను మా అమ్మ కూతుర్నే.

మూడేళ్ళ కిందట హైదరాబాదు కంపెనీ ఒకటి వచ్చింది. పాత పత్రాలు ఫోనులో చదువుకునే యాప్ వాళ్ళది. అందులో ఇంజనీరు ఒకమ్మాయి రాసింది. మీ ప్రోగ్రాము మేము వాడుతున్నాం మేడం, కొంచెం నెమ్మదిగా ఉంది, వేగం పెంచే మార్పు పంపవచ్చా అండి అని. మాటల్లో తనది నిడదవోలని తెలిసింది. గోదావరి దాటితే వాళ్ళ ఊరు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఆ మార్పు చూశాను. నేను పది వరసల్లో తడబడుతూ చేసినదాన్ని ఆమె మూడు వరసల్లో చేసింది. నిజంగా మంచి పని.

పెద్ద గిన్నె వచ్చింది. ఖాళీగా ఎలా పంపను? ఆమె పేరు మొదటి పేజీలో పెట్టాను.

తరవాత వాళ్ళు పరీక్షలు రాసి పంపారు, ఏ మార్పు చేసినా పాతది చెడిపోకుండా పట్టుకునేవి. అది నేను ఎప్పటినుంచో చెయ్యాలనుకుని, పిల్లల జ్వరాల మధ్య చెయ్యలేకపోయిన పని. దానికి బదులుగా ఆ అమ్మాయికి మార్పులు ఆమోదించే హక్కు ఇచ్చాను. తరవాత, పాత అక్షరాలు వేస్తే తెలుగు చేసి చూపించే మా వెబ్‌పేజీని అందంగా చేసి ఇచ్చారు. ఇంకో ఇద్దరికి హక్కు ఇచ్చాను. ఎలా వాడాలో వివరంగా రాసి పెట్టారు. ఇంకొకరికి ఇచ్చాను. ఎవరూ అడగలేదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి, వాళ్ళు ఒక్కసారి కూడా అడగలేదు. నేనే వెతుక్కుని, ఏం పెట్టను, ఏం పెట్టను అని చూసి, చేతికి దొరికింది వేసి పంపాను.

ఆ తరవాత ఒక నియమం పెట్టుకుందామన్నారు. ఏ మార్పైనా కలపాలంటే, రాసినవాళ్ళు కాక ఇద్దరు చూసి టిక్కు పెట్టాలి. మంచి నియమం. అప్పుడు చిన్నవాడు ఇంకా చంకలోనే ఉన్నాడు, నేనొక్కదాన్నే నిద్రమత్తులో చూసి కలపడం కంటే ఇదే నయమనుకున్నాను. హక్కున్నవాళ్ళం ఐదుగురం. అందులో నలుగురు ఒకే ఆఫీసులో పనిచేస్తారన్న సంగతి నాకు తెలియక కాదు. తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చర్చలు కూడా వాళ్ళ ఆఫీసు చాట్‌లోకి మారాయి, అక్కడైతే జవాబు త్వరగా వస్తుందని. కాకినాడ మాస్టారు ఒకసారి ఫోను చేశారు. "అమ్మాయీ, లోపలికి రమ్మని లింకు పంపావు. తలుపు దగ్గర నా ఆఫీసు ఈమెయిలు అడుగుతోంది. నాకు ఆఫీసెక్కడిది? రిటైరయ్యానని చెప్పు దానికి." నేను నవ్వాను. చూసి చెబుతాను మాస్టారూ అన్నాను. చూడలేదు. ఆ తరవాత ఆయన కాగితాలు రావడం తగ్గి, ఆగిపోయాయి. తప్పులు అయిపోయాయనుకున్నాను.

మంగళవారం కలిసిన మార్పు పేరు, వాడుకలో లేని పట్టికల తొలగింపు. పదకొండు ఫాంట్ల పట్టికలు తీసేశారు. జాబితాలో మొదటిది మా డీటీపీ ఆయనది.

మధ్యాహ్నం రెండింటికి ఆయన ఫోను చేశారు. "అమ్మాయిగారూ, పాటలన్నీ పాడైపోయాయండి."

"ఏమైందండి?"

"నిన్నటిదాకా పేజీలో వేస్తే తెలుగు వచ్చేది. ఇవాళ వేస్తే, వేసింది వేసినట్టు తిరిగొస్తోందండి. మా ఫాంటు పేరే లేదు అక్కడ. షాపు పని లేనప్పుడు ఒక్కొక్కటే తీస్తున్నానా, సగం పాటలు అయ్యాయి, సగం మిగిలాయి. ఈ కంప్యూటరు చూస్తే పొద్దున ఆన్ అయితే దేవుడి దయ అన్నట్టుంది. నేనేమన్నా నొక్కకూడనిది నొక్కానా అండి?"

"మీరేమీ నొక్కలేదండి," అన్నాను. నొక్కకూడనివి నొక్కింది నేనే, నాలుగుసార్లు.

అదొక్కటే నా భయమంతా. ఆ కంప్యూటరు ఆగిపోయేలోగా ఆ పాటలు బయటికి రావాలి. అవి ఇంకెక్కడా లేవు. రాసినవాళ్ళు లేరు. పాడేవాళ్ళలో కూడా ఏటా కొందరు తగ్గుతున్నారు.

కోడ్ తెరిచాను. ఆ మార్పుని వెనక్కి తిప్పడం ఒక్క మీట పని. తిప్పాను. వెంటనే కింద వచ్చింది, ఇద్దరి ఆమోదం కావాలి అని. నా సొంత మార్పుకి నేను టిక్కు పెట్టుకోలేను. నలుగురినీ అడిగాను. సాయంత్రం దాకా ఎవరూ పలకలేదు. వాళ్ళకి ఆఫీసులో ఏవో మీటింగులట.

మా ఆయన కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో చేస్తారు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, అన్నం తింటూ అంతా విన్నారు. "నువ్వే కదా అందరూ వాడుకోవచ్చని రాసిచ్చావు? వాడుకున్నారు," అన్నారు.

"వాడుకోవడం వేరు కదండీ."

"ఏంటి వేరు? చెప్పు."

ఆయన కంచంలో మజ్జిగ పోశాను. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు. అందుకే ఇంకా కష్టమయింది.

గురువారం వీడియో కాల్ పెట్టారు. ఆ నిడదవోలు అమ్మాయీ, హక్కున్న నలుగురిలో ఒకడైన వాళ్ళ మేనేజరూ. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. నా పని లేకపోతే తమ యాప్ లేదన్నాడు. పట్టికలు పెరిగేకొద్దీ యాప్ బరువు పెరుగుతోందనీ, పాత ఫోన్లలో తెరుచుకోవడం లేదనీ, తమ దగ్గర చూస్తే ఆ పదకొండు ఫాంట్లనీ ఒక్కరు కూడా వాడటం లేదనీ చెప్పాడు. పాత ఫోన్లవాళ్ళంటే మా ఊళ్ళవాళ్ళే. వాళ్ళకోసం బరువు తగ్గించడం తప్పా? చివర్లో, "మీకు ఆ పట్టికలు కావాలంటే కోడ్ కాపీ తీసుకుని వేరే పేరుతో నడుపుకోవచ్చు. లైసెన్స్ ఒప్పుకుంటుంది" అన్నాడు.

ఆ లైసెన్స్ రాసింది నేను. నా మాటే నాకు తిరిగి చెబుతుంటే తల ఊపాను.

నిజంగానే కాపీ తీశాను. పది నిమిషాలు పట్టింది. చిన్నవాడు కార్టూన్ చూసినంతసేపు. కొత్త అడ్రసు డీటీపీ ఆయనకి పంపాను. పాత పట్టికతో పాటలు మళ్ళీ తెలుగులోకి వచ్చాయి. నా భయం పోవాలి కదా. పోలేదు. ఆయనే చెప్పారు ఎందుకో.

"వస్తోందండి, బానే ఉంది. కానీ ఈ అడ్రసు ఎంతమందికి చెప్పనండి? పాతది నా గోడ మీద రాసుంది. భీమవరం షాపాయన గోడ మీదా రాసుంది. అక్కడ ఏదన్నా తేడా వస్తే కాకినాడ మాస్టారు చెప్పేవారు, మీరు దిద్దేవారు. ఈ కొత్తదాంట్లో ఎవరుంటారండి? మీరొక్కరేనా?"

నేనొక్కదాన్నే. నేను జ్వరంతో పడుకుంటే, ఇంకేదైనా ఫాంటు చెడితే, ఎవరూ చూసుకోరు. కోడ్ కాపీ తీసుకోవచ్చు. అక్కడికి నడిచొచ్చే మనుషుల్ని కాపీ తీసుకోలేను. ఈ సంగతి ఏ లైసెన్స్‌లోనూ రాసి ఉండదు.

శనివారం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. సెలవుకి నిడదవోలు వచ్చి, బస్సెక్కి వంతెన దాటి వచ్చేసింది. చేతిలో స్టీలు డబ్బా. "మా అమ్మ సున్నుండలు పంపించింది అక్కా," అంది. కాల్‌లో మేడం, ఇంట్లో అక్కా. ముఖం చూస్తే ఇరవై అయిదు ఉంటాయేమో. నాకు కోపంగా ఉండాలనిపించింది, కుదరలేదు. మా పెద్దది అప్పటికే డబ్బా మూత తీసి వాసన చూస్తోంది.

కాఫీ సగం తాగింది. తరవాత, "ఆ మార్పు రాసింది నేనే అక్కా," అంది.

పేరు చూశాను, నాకు తెలుసు. "రాసేముందు ఒక్క మాట అడగాల్సింది కదమ్మా," అన్నాను.

"అడుగుదామనే అనుకున్నా. మూడు నెలలుగా మేం ఏం పంపినా మీరు 'బాగుందండి, కలిపేయండి' అనే అంటున్నారు. ఇంక ఊరికే మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని. చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు." కప్పు తిప్పుతూ కూర్చుంది. "ఈ ఏడాది నాకిచ్చిన పని యాప్ బరువు తగ్గించడం. ఎవరు వాడుతున్నారో లెక్క చూశాను. నిజంగా సున్నా వచ్చింది."

"మీ యాప్‌లో సున్నా. మీరు చూసింది మీ యాప్‌లోనే కదా."

ఆమె తలెత్తి చూసింది. "అవును. వెబ్‌పేజీ వాడేవాళ్ళు మాకు కనబడరు."

"పద, చూద్దువుగాని," అన్నాను.

పిల్లల్ని పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పి, ఆటోలో షాపుకి తీసుకెళ్ళాను. ఆమెది నిడదవోలనీ, ఆ కంపెనీలో పనిచేస్తుందనీ చెప్పాను. డీటీపీ ఆయన కుర్చీ తుడిచి కూర్చోమన్నారు. గోడ మీద పెన్నుతో రాసిన అడ్రసు, దాని కింద అండర్‌లైను. ఆయన ఆమె ఎదురుగానే పాత అడ్రసులో ఒక పాట వేశారు. గుర్తులు గుర్తుల్లాగే తిరిగొచ్చాయి. ఆమెకి నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వారు. "మీ కంపెనీవాళ్ళకి మా ఫాంటు ఏం అడ్డమొచ్చిందమ్మా?"

"అడ్డం కాదండి. బరువు."

"ఈ ఫాంటా? ఇది మోసింది ఎన్ని పెళ్ళిళ్ళో తెలుసా అమ్మా మీకు? మీ నిడదవోలు కార్డులు కూడా నేనే కొట్టానండి. నన్నడిగితే మీ అమ్మగారి పెళ్ళికార్డు కూడా దీంట్లోనే ఉండొచ్చు."

"మా అమ్మ పెళ్ళి తణుకులో అయిందండి," అంది ఆమె, సీరియస్‌గా.

"అయితే వేరే షాపు," అన్నారాయన, ఒప్పుకుంటూ.

ఆమె లేచి నిలబడింది. ఫోను తీసి గోడ మీది అడ్రసు ఫొటో తీసుకుంది. సందులోంచి బయటికి నడుస్తుండగా, "అక్కా, మీరు మార్పు పంపండి. ఒక టిక్కు నేను పెడతాను. మిగతావాళ్ళు మా మేనేజర్‌ని దాటి పెట్టరు. రెండోది ఆయన పెట్టకపోతే నేనేం చెయ్యలేను. పెట్టమని అడుగుతాను. అది కూడా ఎలా అడగాలో నాకు తెలీదు," అంది. ఆమెకి కూడా భయంగానే ఉందని అప్పుడు తెలిసింది. ఆమె ఎవరి తరఫున? కంపెనీ తరఫున నా దగ్గరికి వచ్చిందా, నా తరఫున కంపెనీకి వెళ్తుందా? బస్సు ఎక్కేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమెకి కూడా తెలిసినట్టు లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కాకినాడ మాస్టారికి ఫోను చేశాను. ఏడాది దాటింది మాట్లాడి. ఆయన ఏమీ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బావుండేది. "నా దగ్గర ఒక పుస్తకం నిండా తప్పులున్నాయి అమ్మాయీ. తలుపు తీస్తారేమోనని రాసి పెట్టుకున్నాను," అన్నారు.

ఫోను పెట్టేశాను. కంపెనీవాళ్ళు పెద్ద గిన్నెలతో వచ్చారు కాబట్టి ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టి పంపాను. మాస్టారు కొన్నేళ్ళపాటు వారం వారం చిటికెడు చిటికెడు తెచ్చి పోసి వెళ్ళారు. ఆయన చేతిలో గిన్నె లేదు కాబట్టి నాకు తిరిగి ఇవ్వాలనే తోచలేదు. ధన్యవాదాలు అన్నాను, అంతే. ఇందులో కంపెనీ తప్పు ఎంత, నా తప్పు ఎంత? విడదీద్దామని చూస్తే రాలేదు.

ఆ సాయంత్రం మార్పు రాసి పంపాను. ఆ పదకొండు పట్టికలూ తిరిగి పెట్టాలి. ఇకమీద ఏ ఫాంటునైనా తీసెయ్యాలంటే రెండు టిక్కుల్లో ఒకటి కంపెనీకి బయటివాళ్ళది కావాలి. ఆ బయటివాళ్ళలో నాతోపాటు మాస్టారు ఉండాలి. ఎందుకో కూడా రాశాను, షాపు గురించి, పాటల గురించి. కంపెనీని ఒక్క మాట అనలేదు. రాసి నాలుగుసార్లు చెరిపాను. మరీ మెత్తగా ఉందనిపించింది. గట్టిగా రాస్తే, ఆ అమ్మాయి సున్నుండలు తిని ఇలా రాశానా అనిపించింది.

గంటలోపే మొదటి టిక్కు వచ్చింది. నిడదవోలు అమ్మాయిది. దాని కింద ఆమె ఆ గోడ ఫొటో పెట్టి, "వాడుతున్నవాళ్ళు ఉన్నారు, నేను చూశాను" అని రాసింది. అందరికీ కనబడేచోట, తన పేరుతో. ఆ రాత్రి ఇంకో టిక్కు రాలేదు.

సోమవారం పొద్దున ఇడ్లీ పిండి వేస్తుండగా వచ్చింది. మేనేజర్‌ది. కింద రెండు వాక్యాలు. కొత్త నియమం, మాస్టారు, రెండూ సరే. పట్టికలు తిరిగి పెడుతున్నాం, కానీ వేరే భాగంగా, కావలసినవాళ్ళు ఎంచుకుంటేనే తెరుచుకునేలా. దాని బాధ్యత మీరూ మాస్టారూ చూసుకోవాలి.

మూడుసార్లు చదివాను. గెలిచానా? పాటలు బయటికొస్తాయి. అడ్రసు గోడ మీద రాసిందే ఉంటుంది. మాస్టారికి తలుపు తెరుచుకుంది. కానీ మా ఫాంట్లన్నీ ఇప్పుడు పెరటి గదిలో ఉన్నాయి. ముందు గది వాళ్ళది. దాన్ని ఊడ్చి, సున్నం వేసి, దీపం పెట్టింది కూడా వాళ్ళే, అది కాదనలేను. ఇడ్లీ ఆవిరి ముఖానికి కొడుతుంటే నవ్వాలో, ఏడవాలో తెలియలేదు.

పెద్దది స్కూలు బ్యాగు తగిలించుకుని వచ్చింది. గట్టు మీద ఆ స్టీలు డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"ఆ ఆంటీ డబ్బాలో ఏం పెడతావ్?" అంది.

"జంతికలు పెడదాం," అన్నాను.

"ఆ ఆంటీ మంచిదేనా? నిన్న నాన్నతో మాట్లాడుతూ ఏడ్చావు కదా."

"మంచిదే. ఆవిడ పని చేసే చోటు కూడా చెడ్డది కాదు. మంచివాళ్ళకైనా డబ్బాలో పెట్టేవి ఉంటాయి, పెట్టకూడనివి ఉంటాయి. నేను చూసుకోలేదు."

"పెట్టకూడనివంటే ఏంటి?"

"అందరిదీ అయినదాన్ని, నాదే అనుకుని పెట్టెయ్యకూడదు."

దానికి అర్థం కాలేదు. నాకూ సగమే అర్థమయింది. చిన్నవాడు ఈలోగా డబ్బా మూత తీసి నెత్తిన పెట్టుకున్నాడు. బయట స్కూలు ఆటో హారను కొట్టింది.

"ఇంకోటి," అన్నాను దాని జడ సర్దుతూ. "వచ్చే ఆదివారం మనం కాకినాడ వెళ్ళి ఒక తాతగారికి కూడా జంతికలు ఇచ్చొద్దాం."

"ఆయన మనకేం పంపించారు?"

"చాలా పంపించారు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ."

"మరి ఆయన గిన్నె ఏది?"

"ఆయన గిన్నె తేలేదమ్మా," అన్నాను. "మన గిన్నెలోనే పెట్టి ఇద్దాం."